విండోస్ బాబాయి, మ్యాక్ అక్క, మధ్యలో లినక్స్ సర్వర్

మాదొక చిన్న సాహిత్య మాసపత్రిక. పేజీలు పెట్టేది తెనాలిలో, సంపాదకత్వం డాలస్‌లో, వెబ్‌సైట్ చూసుకునేది విజయవాడలో నేను. తెనాలి బాబాయికి విండోస్ తప్ప ఇంకోటి తెలియదు, తెలుసుకునే ఉద్దేశమూ లేదు. డాలస్ అక్క మ్యాక్ మనిషి. నా లాప్‌టాప్‌లో ఉబుంటు, అదీ లినక్సే. ముగ్గురం ఫైళ్లు పెట్టేది మాత్రం ఒకే లినక్స్ సర్వర్‌లో, ఒకే ఫోల్డర్‌లో. అందుకే "వెబ్‌సైట్‌కి ఫైళ్లు ఎక్కించడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని ఎవరైనా అడిగితే ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: ఎక్కించేది ఎవరు, ఏ కంప్యూటర్ నుంచి?

నెట్‌లో పోలిక పట్టికలకు కొదవలేదు. ఫైల్‌జిల్లాకి ఇన్ని టిక్కులు, సైబర్‌డక్‌కి ఇన్ని టిక్కులు అని ఉంటాయి. చదివి లేచాక ఏది ఇన్‌స్టాల్ చేసుకోవాలో మాత్రం అర్థం కాదు. ఎందుకంటే ఫైల్ పంపడం అన్నింటికీ వచ్చు. తలనొప్పి మొదలయ్యేది విండోస్‌లోనో మ్యాక్‌లోనో పుట్టిన ఫైల్ లినక్స్‌లో కాపురం పెట్టినప్పుడు. ఆ సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఎఫ్‌టీపీ గురించి, అంటే కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంపే పాత పద్ధతి గురించి, రెండు ముక్కలు. దీని మొదటి వివరణ 1971 ఏప్రిల్‌లో వచ్చింది. నెట్‌వర్క్ పద్ధతులు వివరించే పత్రాల వరసలో దాన్ని ఆర్‌ఎఫ్‌సీ 114 అంటారు. రాసింది అప్పుడు ఎంఐటీలో ఉన్న అభయ్ భూషణ్, ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్ విద్యార్థి. అప్పటి నెట్‌వర్క్‌లో ఉన్నవి కొద్దిపాటి కంప్యూటర్లే కాబట్టి దొంగల భయం ఎవరికీ లేదు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ దాపరికం లేకుండా వైరు మీద వెళ్లిపోయేవి. మామూలు ఎఫ్‌టీపీలో ఇప్పటికీ అలాగే వెళ్తాయి, పోస్టుకార్డు మీద ఏటీఎం పిన్ రాసి డబ్బాలో వేసినట్టు. యాపిల్ 2017లో మ్యాక్ నుంచి ఎఫ్‌టీపీ కమాండ్ తీసేసింది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ 2021లో ఎఫ్‌టీపీకి సెలవిచ్చాయి. అయినా మన చిన్న హోస్టింగ్ కంపెనీలు అకౌంట్ తెరవగానే పంపే మెయిల్‌లో మొదట ఉండేది ఎఫ్‌టీపీ వివరాలే.

మీ హోస్టింగ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ సదుపాయం, అంటే సర్వర్‌తో గుట్టుగా మాట్లాడే దారి, ఉందేమో అడగండి. ఉంటే ఎస్‌ఎఫ్‌టీపీ వాడండి. పేరులో ఎఫ్‌టీపీ ఉంది గానీ దానికీ దీనికీ చుట్టరికం లేదు, ఇది ఎస్‌ఎస్‌హెచ్ ఇంటి పిల్ల. ఎఫ్‌టీపీఎస్ అని ఇంకోటి ఉంది. అది పాత ఎఫ్‌టీపీకే ఎన్‌క్రిప్షన్ తొడిగింది. ఎస్‌ఎఫ్‌టీపీతో ఇంకో సుఖం, అంతా ఒకే పోర్టులో, మామూలుగా 22లో, నడిచిపోతుంది. ఎఫ్‌టీపీకి మాటలకో కనెక్షన్, సరుకుకో కనెక్షన్ కావాలి. లాగిన్ అయిపోయి, ఫోల్డర్ల జాబితా మాత్రం రాకుండా గిరగిరా తిరిగి ఆగిపోయిందంటే సాధారణంగా ఆ రెండో కనెక్షన్‌ని దారిలో ఏదో ఫైర్‌వాల్ ఆపుతోందన్నమాట. పాస్‌వర్డ్ మార్చి మార్చి విసుగెత్తే బదులు సెట్టింగ్స్‌లో ప్యాసివ్ మోడ్, అంటే ఆ రెండో కనెక్షన్‌ని కూడా మన కంప్యూటరే మొదలుపెట్టే పద్ధతి, ఉందో లేదో చూడండి.

ఇక సాఫ్ట్‌వేర్ల సంగతి. ఫైల్‌జిల్లా అందరికీ తెలిసిందే. 2001లో టిమ్ కోసె, ఇంకో ఇద్దరు క్లాస్‌మేట్లు కలిసి కాలేజీ ప్రాజెక్టుగా మొదలుపెట్టారు. మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనూ ఉచితంగా దొరుకుతుంది, మూడింట్లోనూ ఒకేలా ఉంటుంది. ఫోన్‌లో చెప్పి చేయించేవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. "ఎడమవైపు పైన సైట్ మేనేజర్ బొమ్మ నొక్కండి" అంటే తెనాలిలోనూ డాలస్‌లోనూ అది అక్కడే ఉంటుంది. సైట్ల జాబితాని ఒక ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి విండోస్‌లోంచి మ్యాక్‌కి పంపినా తీసుకుంటుంది. మా వాళ్లందరికీ మొదట దీన్నే పెట్టాను.

దీనితో రెండు జాగ్రత్తలు. విండోస్ కోసం వెబ్‌సైట్‌లో పెద్ద బటన్ నొక్కితే వచ్చే ఇన్‌స్టాలర్‌లో వేరే సాఫ్ట్‌వేర్ల ఆఫర్లు ఉండొచ్చని వాళ్లే రాస్తారు. కింద ఉన్న అదనపు డౌన్‌లోడ్‌ల లింకులోకి వెళ్తే ఆ గొడవ లేని ఇన్‌స్టాలర్ దొరుకుతుంది. రెండోది పాస్‌వర్డ్‌లు. మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టకపోతే సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్‌లో బేస్64 రూపంలో ఉంటాయి. బేస్64 అంటే తాళం అనుకునేరు, గడియ కూడా కాదు, ఎవరైనా వెనక్కి మార్చి చదువుకోగల రాత. కంప్యూటర్‌లో వైరస్ దూరితే ముందు వెతికే చోట్లలో ఇదొకటి. మాస్టర్ పాస్‌వర్డ్ సదుపాయం 2017 నుంచీ ఉంది, మనమే ఆన్ చేసుకోవాలి.

బాబాయికి మాత్రం ఫైల్‌జిల్లా పడలేదు. స్క్రీన్ మీద ఎడమపక్క రెండు పెట్టెలు, కుడిపక్క రెండు పెట్టెలు, పైన పచ్చ అక్షరాల్లో ఏదో పరుగెడుతూ, కింద క్యూ. "ఏమ్మా, ఇందులో నా కంప్యూటర్ ఏది, మీ సర్వర్ ఏది? నేను పీడీఎఫ్ పంపాలంతే కదా" అన్నాడు. పేజీమేకర్‌లో ముప్పై రెండు పేజీల ఫారాన్ని కళ్లు మూసుకుని పెట్టగల మనిషి. ఆయనకు కంప్యూటర్ రాదని ఎవరూ అనలేరు. ఆయనకు అక్కర్లేనివి ఆ స్క్రీన్ మీద ఎక్కువయ్యాయి, అంతే.

ఆయనకి విన్‌ఎస్‌సీపీ పెట్టాను. ఇది విండోస్‌కే. మార్టిన్ ప్రిక్రిల్ 2000లో మొదలుపెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. స్క్రీన్ ఎలా కనపడాలో, కమాండర్ కావాలా, ఎక్స్‌ప్లోరర్ కావాలా అని ఇన్‌స్టాల్ చేసేటప్పుడే అడుగుతుంది. ఎక్స్‌ప్లోరర్ ఎంచుకుంటే అచ్చం విండోస్ ఫోల్డర్‌లాగే సర్వర్ ఒక్కటే కనపడుతుంది, డెస్క్‌టాప్ నుంచి పీడీఎఫ్ లాక్కొచ్చి అందులో పడేయడమే. సెషన్‌కి డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ కూడా చేసి ఇచ్చాను. డబుల్ క్లిక్ చేస్తే నేరుగా సంచికల ఫోల్డర్‌లో దిగుతుంది, వెబ్‌సైట్ మొత్తం ఉండే పబ్లిక్ హెచ్‌టీఎమ్‌ఎల్ ఫోల్డర్ జోలికి వెళ్లాల్సిన పనే లేదు.

విన్‌ఎస్‌సీపీలో నాకు నచ్చే సంగతి బాబాయికి కనపడనిది. ఎస్‌ఎఫ్‌టీపీలో కాస్త పెద్ద ఫైల్ ఎక్కించేటప్పుడు ముందు ఫైల్‌పార్ట్ అనే తోకతో తాత్కాలిక పేరు పెడుతుంది. మొత్తం చేరాకే అసలు పేరుకి మారుస్తుంది. తెనాలిలో కరెంటు పోయి సగంలో ఆగిందనుకోండి, పాఠకుడికి సగం తెగిన పీడీఎఫ్ దొరకదు, పాతది ఉంటే పాతదే ఉంటుంది. కరెంటు వచ్చాక ఆగినచోటి నుంచి మళ్లీ మొదలవుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీ ముసలిదైపోయిన షాపులో ఇది చిన్న విషయం కాదు.

అక్క కథ వేరు. "నాకు రెండు కిటికీలు ఎందుకే, ఫైండర్‌లోంచి లాగి పడేస్తే చాలదా?" అని అడిగింది. మ్యాక్‌లో ఫైళ్లు చూపే ఫైండర్‌లో సర్వర్‌కి కనెక్ట్ అయ్యే మెనూ ఉంది గానీ దానికి ఎస్‌ఎఫ్‌టీపీ రాదు. ఈ విషయంలో ఉబుంటు నయం, మామూలు ఫైల్స్ విండోలోనే ఎస్‌ఎఫ్‌టీపీ చిరునామా కొడితే సర్వర్ తెరుచుకుంటుంది, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. అక్కకి సైబర్‌డక్ పెట్టించాను. ఒకటే కిటికీ, సర్వర్‌ది. పాస్‌వర్డ్‌లు కీచెయిన్‌లో, అంటే మ్యాక్ తాళం వేసి ఉంచే పెట్టెలో, దాస్తుంది, కాబట్టి పైన చెప్పిన ఎక్స్‌ఎమ్‌ఎల్ బెంగ లేదు. సర్వర్‌లో ఉన్న పేజీని తనకి ఇష్టమైన ఎడిటర్‌లో తెరిచి, దిద్ది, సేవ్ కొడితే అదే పైకి ఎక్కిస్తుంది. అక్క చేసే పని ఎక్కువగా అచ్చుతప్పులు దిద్దడమే కనుక అతికినట్టు సరిపోయింది. అప్పుడప్పుడూ విరాళం అడుగుతుంది, ఇస్తే ఊరుకుంటుంది. విండోస్‌కీ ఉంది గానీ, అక్కడ విన్‌ఎస్‌సీపీ ఉండగా దీన్ని వెతుక్కోవాల్సిన అవసరం నాకైతే కనపడలేదు. లినక్స్‌కి దీని కమాండ్ రూపం మాత్రమే దొరుకుతుంది. మ్యాక్‌లో ట్రాన్స్‌మిట్ అని డబ్బులిచ్చి కొనేది ఒకటుంది, పానిక్ అనే కంపెనీది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. రోజంతా అదే పని చేసేవాళ్లకైతే పెట్టిన డబ్బు గిట్టుబాటే, నెలకోసారి తెరిచే అక్కకి ఎందుకు?

ఇంతవరకూ సాఫీగానే ఉంది. అసలు చిక్కు పాత సంచికల దగ్గర వచ్చింది.

పత్రిక పాత ముఖచిత్రాలన్నీ అక్క దగ్గర ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉన్నాయి, ఏడాదికో ఫోల్డర్, నెల పేరుతో ఒక్కో బొమ్మ. అన్నీ తెలుగు పేర్లే: జనవరి, ఫిబ్రవరి, మార్చి, అలా. మ్యాక్‌లోనే ఉండే ఆర్‌సింక్ అనే ఫైళ్లు పంపే కమాండ్‌తో మొత్తం సర్వర్‌కి ఎక్కించాం. నేను ఇక్కడ పేజీ రాసి లింకులు కలిపాను. పేజీ తెరిస్తే ముఖచిత్రాలు వరసగా వచ్చాయి, జూలై తప్ప. ఒక ఏడాది జూలై అయితే ఏదో పొరపాటనుకోవచ్చు. అన్ని ఏళ్లలోనూ జూలై ఒక్కటే లేదు. జూన్ ఉంది, ఆగస్టు ఉంది, మధ్యలో ఫైల్ లేదనే 404.

సర్వర్‌లోకి వెళ్లి చూస్తే జూలై బొమ్మ అక్కడే ఉంది. పేరులో అక్షరం తేడా లేదు. నా పేజీలోంచి పేరు కాపీ చేసి సర్వర్‌లో వెతికితే అలాంటి ఫైల్ లేదంటుంది. సర్వర్‌లో ఉన్న పేరుని కాపీ చేసి వెతికితే ఉందంటుంది. కంటికి రెండూ ఒకటే జూలై. చివరికి రెండు పేర్లనీ బైట్లుగా విడగొట్టి చూస్తే తేడా దొరికింది. నేను కొట్టిన జూలై 12 బైట్లు, అక్క డిస్క్ నుంచి వచ్చిన జూలై 15 బైట్లు.

ఎక్కువైన ఆ మూడు బైట్లూ ఐత్వానివి. కంప్యూటర్లు అక్షరాలని దాచుకునే యూనికోడ్ పద్ధతిలో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వం పెట్టి దాని కింద ఐత్వపు తోకని విడిగా తగిలించొచ్చు. కీబోర్డు మీద మనం కొడితే మామూలుగా మొదటి రకం వస్తుంది. మ్యాక్ పాత డిస్క్ పద్ధతి, హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అంటారు, ఏ పేరు ఇచ్చినా ఇలాంటివాటిని విడగొట్టి రెండో రకంగానే దాచుకుంటుంది. మ్యాక్ లోపల ఉన్నంతసేపు అది రెండింటినీ ఒకటిగానే చూస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. లినక్స్‌కి ఫైల్ పేరంటే బైట్ల వరస, అంతే. వరస వేరైతే ఫైల్ వేరు. తెలుగులో ఇలా విడిపోయే గుర్తు ఐత్వం ఒక్కటే. ఐ అనే అచ్చుకి ఏమీ కాదు, గుణింతంలో వచ్చే గుర్తుకే. పన్నెండు నెలల్లో ఐత్వం ఉన్నది జూలైకే కదా! కన్నడం, తమిళం వాళ్లకి విడిపోయే గుర్తులు మనకన్నా ఎక్కువ, వాళ్ల బాధలు ఊహించుకోండి.

2017 నుంచి కొత్త మ్యాక్‌లలో ఏపీఎఫ్‌ఎస్ అనే కొత్త డిస్క్ పద్ధతి వచ్చింది. అది మనం ఇచ్చిన పేరుని ఇచ్చినట్టే ఉంచుతుంది. కానీ అంతకు ముందు ఫార్మాట్ చేసిన డిస్కులు ఇంకా ఎంతమంది అల్మారాల్లో లేవు? ఆర్‌సింక్‌లో దీనికి మందు ఉంది, ఐకాన్వ్ అనే ఆప్షన్. పంపేటప్పుడే మ్యాక్ పేర్లని మామూలు రూపంలోకి మారుస్తుంది. అయితే ఆ ఆప్షన్ వచ్చింది 3.0లో. యాపిల్ ఏళ్ల తరబడి మ్యాక్‌తో ఇస్తూ వచ్చింది 2006 నాటి 2.6.9. అక్క మ్యాక్‌లో ఉన్నదీ అదే. కొత్తది కావాలంటే హోమ్‌బ్రూ అనే సాఫ్ట్‌వేర్లు తెచ్చిపెట్టే కమాండ్ ద్వారా విడిగా వేసుకోవాలి. అప్పటికే సర్వర్‌కి చేరిపోయిన పేర్లని నేను కన్వ్‌ఎమ్‌వీ అనే చిన్న లినక్స్ కమాండ్‌తో సరిచేశాను. అది మొదట ఏమేం మారుస్తుందో చూపించి ఊరుకుంటుంది. చూసి సరే అనుకున్నాక, నోటెస్ట్ అని చేర్చి మళ్లీ నడిపితేనే నిజంగా మారుస్తుంది. అలాంటి మర్యాదస్తులైన కమాండ్లు తక్కువ.

ఇలాంటిదే ఇంకోటి బాబాయి వైపు నుంచి వచ్చింది. ఆయన ఫైల్‌కి కథ పేరు, రచయిత పేరు, నెల, ఆఖర్న ఫైనల్ అని కూడా చేర్చి పెద్ద పేరు పెడతాడు. విండోస్ ఒప్పుకుంటుంది, దాని పరిమితి 255 యూనిట్లు, తెలుగులో ఒక్కో గుర్తుకి ఒక్కో యూనిట్. లినక్స్ పరిమితి కూడా 255 అనే అంటారు, కానీ అవి బైట్లు. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు, అంటే 85 గుర్తులతో సరి. గుణింతాలు, పొల్లులు, ఒత్తులు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" అనే ఒక్క అక్షరానికే ఆరు గుర్తులు, 18 బైట్లు. ఫైల్ ఎక్కడంలేదంటే ఆయన నెట్ స్లోగా ఉందనుకుని మళ్లీ మళ్లీ లాగుతూ కూర్చున్నాడు. పేరు పొడవు సంగతి చెబితే, "మన సర్వర్‌కి తెలుగు పేరు కూడా బరువేనా" అన్నాడు.

ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దబడి, చిన్నబడి తేడా అందరికీ తెలిసిందే, ఒక్క మాటతో వదిలేస్తాను. కెమెరా నుంచి వచ్చిన బొమ్మకి జేపీజీ అని పెద్దక్షరాల్లో ఉండి, పేజీలో చిన్నక్షరాల్లో రాస్తే విండోస్‌లో కనపడుతుంది, మామూలు మ్యాక్‌లోనూ కనపడుతుంది, సర్వర్‌లో కనపడదు. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని మనకోసం సరిచేసి పెట్టదు. ఇప్పుడు మాకున్న నియమం ఒకటే. సర్వర్‌కి వెళ్లే ఫైల్ పేరు ఇంగ్లీషు చిన్నక్షరాలు, అంకెలు, మధ్యలో గీత. 2024-07 అంటే జూలై సంచిక. తెలుగు పేరు పేజీలో శీర్షికగా ఎంత అందంగా కావాలంటే అంత అందంగా రాసుకుంటాం.

నా సొంత పనికి నేను వాడేది ఆర్‌సింకే. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెర్రాస్ 1996లో బయటికి తెచ్చారు. ఫైల్‌లో మారిన ముక్కలే పంపుతుందని దీనికి పేరు. మా పీడీఎఫ్‌ల విషయంలో ఆ గొప్ప పెద్దగా ఉపయోగపడదు, ఒక్క పేజీ దిద్దినా లోపలి కంప్రెషన్ వల్ల చాలా భాగం మారిపోతుంది. నాకు కావాల్సింది ఇంకోటి, సైజు, తారీకు మారని ఫైళ్లని ముట్టుకోకుండా దాటిపోవడం. పాత సంచికలన్నీ ఉన్న ఫోల్డర్‌ని ఒక్క కమాండ్‌తో సరిచూస్తుంది, కొత్తవి రెండో మూడో ఉంటే అవే వెళ్తాయి. మ్యాక్ తన కోసం ఫోల్డర్లలో దాచుకునే డీఎస్ స్టోర్ ఫైళ్ల చెత్తని రానివ్వొద్దని ఒక మాట చేరిస్తే వినేస్తుంది. ఒక్క హెచ్చరిక: డిలీట్ ఆప్షన్ పెట్టినప్పుడు ముందు డ్రై రన్, అంటే ఏదీ మార్చకుండా ఉత్తుత్తిగా నడపడం, చేసి చూడండి. మన దగ్గర లేనివన్నీ అక్కడ తుడిచేయమని దానర్థం. బాబాయి నేరుగా సర్వర్‌లో పెట్టిన ఈ నెల పీడీఎఫ్ కూడా అందులో ఉండొచ్చు. విన్‌ఎస్‌సీపీ సింక్రనైజ్‌లో కూడా ఇలా తుడిచేసే గడి ఉంటుంది, ప్రివ్యూ గడి టిక్ చేసి ఉంచుకుంటే ఏది పోతుందో ముందే చూపిస్తుంది.

చివరిగా తాళాల సంగతి. మొదట్లో ముగ్గురికీ ఒకే పాస్‌వర్డ్ ఉండేది, వాట్సాప్‌లో తిరిగేది. ఇప్పుడు పాస్‌వర్డ్ బదులు ఎవరి ఎస్‌ఎస్‌హెచ్ కీ, అంటే తాళంచెవిలా పనిచేసే ఫైల్, వాళ్లకి. ఇక్కడా ఆపరేటింగ్ సిస్టమ్‌ల పేచీ ఉంది. విన్‌ఎస్‌సీపీకి పుట్టీ అనే విండోస్ ఎస్‌ఎస్‌హెచ్ సాఫ్ట్‌వేర్ వాళ్ల పీపీకే రకం కీ కావాలి, నేను ఉబుంటులో తయారుచేసింది ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ రకం. ఆ ఫైల్ చూపిస్తే విన్‌ఎస్‌సీపీయే మార్చనా అని అడుగుతుంది, సరే అంటే కొత్త ఫైల్ చేసి పెడుతుంది. సైబర్‌డక్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ కీని ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు సర్వర్ వేలిముద్ర, అంటే ఆ సర్వర్‌ని గుర్తుపట్టే అక్షరాల వరస, చూపించి నమ్మమంటారా అని అడుగుతుంది, ఒకసారికి సరే. తర్వాత ఎప్పుడైనా వేలిముద్ర మారిందని హెచ్చరిస్తే మాత్రం ఎస్ నొక్కకుండా నాకు ఫోన్ చేయమని ఇద్దరికీ చెప్పి ఉంచాను. హోస్టింగ్ వాళ్లు సర్వర్ మార్చినప్పుడు నిజంగానే ఆ హెచ్చరిక వచ్చింది. అక్కకి అప్పుడు అర్ధరాత్రి, అయినా చేసింది. బాబాయి నొక్కేసి, మర్నాడు చెప్పాడు.